మాక్రో నొక్కితే షీట్ అంతా ఎరుపే: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

మార్చి నెల, మిర్చి సీజన్ మంచి ఊపులో ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు గుంటూరు యార్డు దగ్గర ఒక కమిషన్ కొట్టు నుంచి ఫోన్. గుమస్తా కుర్రాడు. "అన్నా, బటన్ నొక్కితే షీట్ అంతా ఎర్రగా అయిపోయిందన్నా. పొద్దున్నే రైతులకు పట్టీలు ఇవ్వాలి." పట్టీ అంటే అమ్మిన సరుకుకు రైతుకిచ్చే లెక్క చీటీ.

ఆ కొట్లో రోజూ వచ్చే లాట్ల పట్టికను ఒక ఎక్సెల్ మాక్రో (బటన్ నొక్కగానే పనులన్నీ వరసగా చేసే చిన్న కోడ్) సర్దుతుంది. హెడ్డింగులు బోల్డ్ చేస్తుంది, గీతలు గీస్తుంది, రేటు కాలమ్‌లో కామాలు పెడుతుంది. యజమాని ఒక సెల్‌లో రాసిపెట్టిన రేటు కంటే ఎక్కువ పలికిన లాట్లకు ఎరుపు రంగు వేస్తుంది. ఆ రోజు తేజ లాట్లతో పాటు తాలు (నాసిరకం కాయ) లాట్లూ ఎర్రబడ్డాయి. తాలుకు ఆ రేటు పలికితే రైతు ఎగిరి గంతేస్తాడు.

నేను వెళ్లి, కోడ్ తెరిచి, అనుమానం వచ్చిన ప్రతి లైనూ మార్చుకుంటూ పోయాను. రెండు గంటలు పోయాయి. తీరా చూస్తే కోడ్‌లో తప్పే లేదు, తప్పంతా రేట్ల కాలమ్‌లో ఉంది. అదేమిటో కింద దాని చోట చెబుతాను. నేను చేసిన పని మాత్రం మీరు చేయకండి.

గుంటూరు, విజయవాడల్లో కొట్లలో, ట్యాక్స్ కన్సల్టెంట్ల దగ్గర, ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో ఇలాంటి మాక్రోలు చాలా నడుస్తున్నాయి. రాసిన కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు. బటన్ మిగులుతుంది. అది మొరాయించినప్పుడు దాని ముందు కూర్చునేది మీరే. మీరు ప్రోగ్రామర్ కానక్కర్లేదు. రెండు ప్రశ్నలు గుర్తుంటే చాలు: మాక్రో ఎక్కడ చూస్తోంది? అక్కడ ఏం చూస్తోంది? సర్దుడు మాక్రోల తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెంటిలో ఏదో ఒకదాని కిందికే వస్తాయి.

ముందు కాపీ తీయండి

మాక్రో చేసిన పనికి కంట్రోల్ + జెడ్ పనిచేయదు. మాక్రో షీట్‌ను మార్చగానే ఎక్సెల్ తన అన్‌డూ చిట్టాను తుడిచేస్తుంది. కాబట్టి ఫైల్‌ను కాపీ చేసి, పేరు చివర తేదీ పెట్టి, ఆ కాపీ మీదే పనిచేయండి. వీలైతే కాపీలో ఇరవై వరుసలు మాత్రం ఉంచండి. ఆ ఇరవైలో తప్పు పడిన వరుసలు కొన్ని, సరిగ్గా వచ్చినవి కొన్ని ఉండాలి.

ఇంకో పని. బటన్ నొక్కే ముందు రేటు, బరువు, మొత్తం కాలమ్‌లను ఒక్కొక్కటిగా సెలెక్ట్ చేసి, కింద స్టేటస్ బార్‌లో కనిపించే సమ్, న్యూమరికల్ కౌంట్ అంకెలు కాగితం మీద రాసుకోండి. న్యూమరికల్ కౌంట్ కనబడకపోతే ఆ బార్ మీద రైట్ క్లిక్ చేసి టిక్ పెట్టండి. నొక్కిన తర్వాత మళ్లీ చూడండి. సర్దే మాక్రో రూపాన్ని మార్చాలి గానీ లెక్కను మార్చకూడదు. సమ్ మారిందంటే మీ సమస్య రంగులది కాదు, డబ్బులది. అప్పుడు ఆ షీట్ నుంచి ఒక్క పట్టీ కూడా ప్రింట్ చేయకండి.

అసలు నడుస్తోందా?

దీనికి ఎక్కువ సేపు అక్కర్లేదు. బటన్ నొక్కితే ఏమీ కాకపోతే ఫైల్ పేరు చివర ఏముందో చూడండి. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ అని ఉంటే అందులో మాక్రో నిలవదు. ఎవరో సేవ్ యాజ్ చేసి పోగొట్టారు. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎమ్ ఉండాలి. ఫైల్ మెయిల్‌లో వచ్చి, తెరవగానే పైన ఎర్ర పట్టీ కనబడితే, ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి తనంతట తానే ఆపేస్తోంది, అదీ కారణం. పంపింది మీ మనిషే అని నమ్మకం ఉంటే ఫైల్ మూసి, దాని మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ దగ్గర టిక్ పెట్టండి. ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన ఫైల్ అయితే ఆ టిక్ జోలికి వెళ్లకండి.

మాక్రో నోరు తెరిపించండి

ఆల్ట్ + ఎఫ్11 నొక్కితే కోడ్ తెరుచుకుంటుంది. మొదట వెతకాల్సిన లైను "ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్". దాని అర్థం: తప్పు జరిగినా చెప్పకు, తర్వాతి లైనుకు వెళ్లిపో. రాసేవాళ్లు ఎర్రర్ బాక్సులు విసుగనిపించి దీన్ని పెడతారు. ఇల్లంతా పొగ వస్తుంటే అలారం తీగ తెంపినట్టు. ఆ లైను ముందు ఒక ' గుర్తు పెట్టండి. లైను ఆకుపచ్చగా మారి పనిచేయడం మానేస్తుంది. ఇప్పుడు మాక్రో నడపండి. ఎక్కడ తప్పుందో అక్కడ ఆగి, నంబరుతో సహా చెబుతుంది. డీబగ్ నొక్కితే ఆ లైను పసుపు పచ్చగా కనబడుతుంది.

అలాగే కోడ్ పేజీలో అన్నిటికంటే పైన "ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్" అనే రెండు మాటలు లేకపోతే టైప్ చేయండి. అవి లేనప్పుడు పేరులో ఒక అక్షరం తప్పు పడినా, విబిఎ (ఎక్సెల్ మాక్రోలు రాసే భాష) దాన్ని కొత్త పేరుగా తీసుకుని, ఖాళీ విలువతో ముందుకు పోతుంది. అవి ఉంటే నడవడానికి ముందే ఆపి చూపిస్తుంది.

ఇక నంబర్లు. మీకు ఎక్కువగా ఎదురయ్యేవి ఇవి.

9 వస్తే, కోడ్ అడిగిన షీట్ గానీ ఫైల్ గానీ ఆ పేరుతో లేదు. ట్యాబ్ మీద పేరు సరిగ్గానే కనిపిస్తుంది, చివర ఒక ఖాళీ ఉంటుంది. ట్యాబ్ మీద డబుల్ క్లిక్ చేసి, ఎండ్ కీ నొక్కి, కర్సర్ ఎక్కడ నిలబడిందో చూడండి. పేరుకు దూరంగా నిలబడితే దొంగ దొరికినట్టే.

6 వస్తే ఓవర్‌ఫ్లో. ఇది సీజన్ జబ్బు. జనవరిలో బాగా నడిచి, ఏప్రిల్‌లో ఆగిపోయే మాక్రోల్లో దీన్నే చూశాను. వరుసల లెక్కకు వాడిన పేరును "ఇంటీజర్" అని రాసి ఉంటారు. విబిఎలో ఇంటీజర్‌కు 32,767 వరకే పట్టే చోటు ఉంటుంది. రోజూ వందల లాట్లు ఒకే షీట్‌లో కిందికి చేరుస్తూ పోతే ఒక రోజున ఆ గీత దాటుతారు. ఇంటీజర్ బదులు "లాంగ్" అని మార్చండి. ఎక్సెల్ షీట్‌లో ఉన్న మొత్తం 10,48,576 వరుసలూ అందులో పడతాయి.

13 వస్తే, అంకె ఉండాల్సిన చోట అక్షరాలున్నాయి, లేదా ఆ సెల్‌లోనే ఫార్ములా ఎర్రర్ ఉంది. 91 వస్తే, కోడ్ దేన్నో వెతికింది, అది దొరకలేదు, దొరికిందనుకుని ముందుకు వెళ్లింది. ఎవరో హెడ్డింగ్ పేరు మార్చి ఉంటారు.

1004 అన్నిటికంటే విసుగు పుట్టించేది. దానికి ఒక్క కారణమని లేదు. ముందు షీట్‌కు ప్రొటెక్షన్ ఉందేమో చూడండి. పాస్‌వర్డ్ పెట్టి, మాక్రోకు మాత్రం అనుమతి ఇచ్చేలా రాసిన కోడ్ ఉంటుంది. కానీ ఆ అనుమతి ఫైల్ మూయగానే పోతుంది. అందుకే రాసిన రోజు పనిచేసి, మర్నాడు ఆగుతుంది. ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఆ అనుమతి లైను నడిచేలా పెట్టాలి. తర్వాత మెర్జ్ చేసిన సెల్స్ ఉన్నాయేమో చూడండి. కొట్టు పేరు నడిమధ్యలో రావాలని ఆరు కాలమ్‌లు మెర్జ్ చేయడం మనకు మహా ఇష్టం. సార్టింగ్‌కు మెర్జ్ పెద్ద శత్రువు. ఫార్మాట్ సెల్స్‌లో అలైన్‌మెంట్ కింద "సెంటర్ అక్రాస్ సెలెక్షన్" అని ఉంటుంది. చూడటానికి మెర్జ్ చేసినట్టే ఉంటుంది, కానీ సెల్స్ కలవవు. నా చేతికి వచ్చిన ప్రతి ఫైల్‌లోనూ మొదట చేసే మార్పు అదే.

ఎక్కడ చూస్తోంది?

ఎర్రర్ ఏమీ రాలేదు, రంగు మాత్రం తప్పు చోట పడింది అనుకుందాం. స్క్రీన్‌ను రెండు సగాలు చేసి ఎడమ వైపు షీట్, కుడి వైపు కోడ్ పెట్టండి. "స్క్రీన్ అప్‌డేటింగ్ ఈక్వల్స్ ఫాల్స్" అని లైను ఉంటే దాని ముందు కూడా ' పెట్టండి, లేకపోతే ఏం జరుగుతోందో కంటికి కనబడదు. కర్సర్ మాక్రో లోపల పెట్టి ఎఫ్8 నొక్కండి. ఒక్క నొక్కుకు ఒక్క లైను నడుస్తుంది. ప్రతి నొక్కు తర్వాత ఎడమ వైపు చూడండి. మామూలుగా నడుస్తున్న లైన్లు వందసార్లు నొక్కాల్సిన పని లేదు. అనుమానం ఉన్న లైను మీద ఎఫ్9 నొక్కి, ఎఫ్5 కొడితే అక్కడిదాకా పరుగెత్తి ఆగుతుంది.

ఇక్కడ పట్టుబడేవి చూడండి.

షీట్ పేరు చెప్పకుండా రేంజ్ అని మాత్రమే రాసిన లైను, ఆ క్షణంలో ఏ షీట్ ముందుంటే దాని మీద పనిచేస్తుంది. పట్టిక తెరిచి ఉండగా, వాట్సాప్‌లో వచ్చిన ఇంకో ఫైల్‌ను గుమస్తా తెరిచాడనుకోండి. ఆ తర్వాత షార్ట్‌కట్‌తో మాక్రో నడిపితే గీతలూ రంగులూ పోయి ఆ ఫైల్‌లో పడతాయి. ప్రతి రేంజ్‌కూ, ప్రతి సెల్స్‌కూ ముందు షీట్ పేరు ఉండాలి. రేంజ్ ముందు పెట్టి, బ్రాకెట్ లోపలి సెల్స్ ముందు పెట్టడం మర్చిపోతే వచ్చేది మళ్లీ 1004.

రికార్డర్‌తో తీసిన మాక్రోలో ఆ రోజు మీరు క్లిక్ చేసిన సెల్స్ చిరునామాలు అలాగే ఉండిపోతాయి. రేటు ఐదో కాలమ్‌లో ఉందని రికార్డయింది. నిన్న ఎవరో మధ్యలో లారీ నంబరు కాలమ్ చేర్చారు. రేటు ఆరోదైంది, మాక్రో ఐదో దానికే కామాలు పెడుతోంది. హెడ్డింగ్ వరుసలో "రేటు" ఎక్కడుందో వెతికి, దొరికిన కాలమ్ నంబరు వాడేలా మార్చండి. దొరకకపోతే ఆగిపోవాలని కూడా రాయండి.

చివరి వరుస వెతికే తీరు చూడండి. పై నుంచి కిందికి వెతికే "ఎండ్ ఎక్స్‌ఎల్‌డౌన్" మధ్యలో ఖాళీ సెల్ తగలగానే అదే చివర అనుకుంటుంది. మన పట్టికల్లో ఒక్కో కొనుగోలుదారుకూ మధ్య ఖాళీ వరుస వదిలే అలవాటు ఉంది కదా, మాక్రో మొదటి వ్యాపారి దగ్గరే ఆగుతుంది. షీట్ అడుగు నుంచి పైకి వెతికే "ఎండ్ ఎక్స్‌ఎల్‌అప్" వాడండి. అది కూడా ఫిల్టర్ పెట్టి ఉంటే మోసపోతుంది, కింద దాగిన వరుసలను చూడదు. మాక్రో మొదట్లోనే ఫిల్టర్ తీసేయించండి.

ఖాళీ వరుసలు తీసేసే కోడ్ ఉంటే అది కింద నుంచి పైకి నడవాలి. పై నుంచి వస్తే, 7వ వరుస తీసేయగానే 8వది 7 అవుతుంది, కోడ్ 8కి వెళ్తుంది, ఆ ఒక్కటీ తప్పించుకుంటుంది. రెండు ఖాళీ వరుసలు పక్కపక్కన ఉన్న చోట ఒకటి మిగిలిపోతోందంటే ఇంకేమీ వెతకక్కర్లేదు.

ఏం చూస్తోంది?

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. రేట్లను కుర్రాడు ఆ రోజు ఏదో వెబ్ పేజీ నుంచి కాపీ చేసి అతికించాడు. తాలు లాట్ రేటు సెల్ దగ్గర నిలబడి, కోడ్ కిటికీలో కంట్రోల్ + జి నొక్కాను. ఇమీడియట్ విండో వస్తుంది. అందులో ప్రశ్న గుర్తు పెట్టి ఏదడిగినా జవాబిస్తుంది. ఆ సెల్‌లో విలువ ఏ రకం అని "టైప్‌నేమ్"తో అడిగాను. "స్ట్రింగ్" అంది. అంటే అంకె కాదు, అక్షరాలు. పొడవెంత అని "లెన్"తో అడిగాను. కంటికి కనిపించేవి కామాతో కలిపి ఐదు గుర్తులు. అది ఆరు అంది. ఆరోది కనబడదు. వెబ్ పేజీల్లో వాడే విడిపోని ఖాళీ, దాని నంబరు 160. మామూలు ఖాళీ నంబరు 32. "ట్రిమ్" తీసేది 32ను మాత్రమే. 160 దానికి లెక్కలోకి రాదు.

మరి ఎరుపెందుకు పడింది? ఒక సెల్‌లోని విలువను ఇంకో సెల్‌లోని విలువతో పోల్చినప్పుడు, ఒకటి అంకె, ఒకటి అక్షరాలు అయితే, విబిఎ దృష్టిలో అక్షరాలే ఎప్పుడూ పెద్దవి. యజమాని రాసిన హద్దు అంకె. అతికించిన రేట్లన్నీ అక్షరాలు. అన్నీ హద్దు దాటినట్టే. చేత్తో కొట్టిన పది పదిహేను లాట్లు మాత్రమే సరిగ్గా వచ్చాయి, నేను వాటిని చూసి కోడ్‌లో ఎక్కడో షరతు తిరగబడిందనుకున్నాను.

మందు ఇది. రంగు వేసే ముందు ఆ కాలమ్‌లో ప్రతి సెల్ నుంచీ 160 నంబరు గుర్తును, కామాలను తీసేసి, మిగిలినదాన్ని "సిడబుల్" (CDbl)తో నిజమైన అంకెగా మార్చి తిరిగి రాయాలి. ఇది చేశాక సమ్, కౌంట్ పెరుగుతాయి, ఎందుకంటే ఇంతకుముందు లెక్కలోకి రానివి ఇప్పుడొచ్చాయి. పైన చెప్పిన నియమానికి ఇదొక్కటే మినహాయింపు. ఒకటి గుర్తు పెట్టుకోండి: సెల్ ఫార్మాట్‌ను నంబర్ అని మార్చినంత మాత్రాన లోపలున్న అక్షరాలు అంకెలు కావు. చొక్కా మారుతుంది, మనిషి మారడు. ఎడమ వైపుకు అతుక్కుని ఉన్న అంకెలు, మూలన ఆకుపచ్చ త్రికోణం కనబడితే అనుమానించండి. మాక్రో అన్నిటినీ కుడికి జరిపేస్తే ఈ ఆనవాలు కూడా పోతుంది. అందుకే అలైన్‌మెంట్ లైన్లను ఆఖర్న పెట్టమంటాను.

తేదీలది ఇంకో కథ. సిఎస్‌వి ఫైల్‌ను చేత్తో తెరిస్తే తేదీలు సరిగ్గా ఉంటాయి, మాక్రో తెరిస్తే తారుమారవుతాయి. 5 ఏప్రిల్ కాస్తా మే 4 అవుతుంది. 25 ఏప్రిల్ మాత్రం మారదు, ఎందుకంటే 25వ నెల లేదు. కొన్ని తేదీలు మాత్రమే చెడిపోతాయి కాబట్టి చాలా రోజులు ఎవరికీ తెలియదు. విబిఎ అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతుంది. ఫైల్ తెరిచే లైనులో "లోకల్" అనే ఎంపికను "ట్రూ" చేస్తే మీ విండోస్ సెట్టింగ్ ప్రకారం చదువుతుంది.

గుంటూరు బ్రాడీపేటలో ఆఫీసు ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేని చిక్కు ఒకటుంది. నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డును మనం 4/7 అని రాస్తాం. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంటుంది. మన సెట్టింగ్‌లో జూలై 4, అమెరికా సెట్టింగ్‌లో ఏప్రిల్ 7. కంగారుపడి కాలమ్‌ను టెక్స్ట్ చేస్తే, 2025లో కొట్టినదైతే 45842 అని నిలబడుతుంది. అది 2025 జూలై 4 తేదీకి ఎక్సెల్ లోపల ఉన్న రోజుల లెక్క. అడ్రసు పోయినట్టే, మళ్లీ కొట్టుకోవాలి. రాయకముందే ఆ కాలమ్ నంబర్‌ఫార్మాట్‌ను @ (అంటే టెక్స్ట్) చేయించాలి, రాశాక కాదు. బ్యాంకు ఖాతా నంబర్లకూ ఇదే మాట. ఎక్సెల్ అంకెల్లో 15 స్థానాల వరకే నిజం ఉంటుంది. 16 అంకెల ఖాతా నంబరును అంకెగా తీసుకుంటే చివరిది సున్నా అవుతుంది. రైతు డబ్బు ఇంకెవరికో పోయే దారి అది.

లక్షల కామాలు

12,34,567 రావాల్సిన చోట 1,234,567 వస్తోందని అడగనివాళ్లు లేరు. మామూలు కామా ఫార్మాట్ కంప్యూటర్ విండోస్ రీజియన్‌ను బట్టి నడుచుకుంటుంది. రీజియన్ ఇండియాకు మారిస్తే సరిపోతుంది. కానీ మీ కంప్యూటర్‌లో బాగుండి, ఆడిటర్ గారి కంప్యూటర్‌లో మారిపోవచ్చు. ఎక్కడైనా ఒకేలా రావాలంటే కోడ్‌లో నంబర్‌ఫార్మాట్‌గా ఇది ఇవ్వండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

మూడు ముక్కలు: కోటి దాటితే మొదటిది, లక్ష దాటితే రెండోది, మిగతా అన్నిటికీ మూడోది. ఆ "మిగతా"లో మైనస్ అంకెలు కూడా వస్తాయి. అప్పులు, తిరుగు జమలు ఉండే కాలమ్‌కు ఇది వాడితే వాటికి అమెరికా కామాలే పడతాయి. అలాంటి కాలమ్‌కు రీజియన్ మార్చుకోవడమే మేలు.

తెలుగు ఉన్న షీట్లు

విబిఎ కోడ్ కిటికీకి తెలుగు రాదు. ఎక్సెల్‌కు వచ్చు, కోడ్ రాసే కిటికీకి మాత్రం రాదు. అది యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి) రాకముందు నాటి కట్టుబాటులో ఉండిపోయింది. "తాలు" అని ఉన్న లాట్లకు పసుపు వేయమని కోడ్‌లో తెలుగులో రాస్తే అక్కడ ???? అని పడుతుంది. తర్వాత మాక్రో నిజంగానే ప్రశ్న గుర్తుల కోసం వెతుకుతుంది, దొరకవు, ఏమీ చేయదు, ఎర్రర్ కూడా రాదు. చాట్‌బాట్‌ను అడిగి కోడ్ తెచ్చుకుంటే అది చక్కగా తెలుగు మాటలు పెట్టి ఇస్తుంది. అతికించగానే పోతాయి.

తేలికైన దారి, ఒక సెట్టింగ్స్ షీట్ పెట్టి (దాని ట్యాబ్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో), ఎ1లో తాలు, ఎ2లో తేజ అని రాసి, కోడ్ ఆ సెల్స్‌ను చదివేలా చేయడం. కోడ్‌లో ఒక్క తెలుగు అక్షరం ఉండదు, రేపు కొత్త రకం వస్తే కోడ్ ముట్టుకోకుండానే సెల్‌లో చేర్చుకోవచ్చు. రెండో దారి నంబర్లతో రాయడం: తాలు అంటే 3108, 3134, 3122, 3137. వీటిని "సిహెచ్‌ఆర్‌డబ్ల్యు"తో కలపాలి. పని జరుగుతుంది గానీ, ఆరు నెలల తర్వాత చదివితే మీకే అర్థం కాదు.

ఆ నంబర్లలో ఒక సంగతి దాగి ఉంది. మనకు రెండక్షరాలుగా కనిపించే తాలు ఎక్సెల్‌కు నాలుగు గుర్తులు. గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కపడతాయి. ఫోన్ కీబోర్డులో కొట్టిన కొన్ని మాటల పొల్లు పక్కన 8204 నంబరు గల కనబడని గుర్తు కూడా చేరుతుంది. ఒక సెల్‌లో "లాట్", ఇంకో సెల్‌లో "లాట్" అచ్చుగుద్దినట్టు ఉంటాయి. ఒకదాని లెన్ 4, రెండోదానిది 5. మాక్రో వాటిని వేర్వేరు మాటలుగానే చూస్తుంది. పోల్చే ముందు రెండిట్లోంచీ 8204ను తీసేయించండి.

మెసేజ్ బాక్స్‌లోనూ తెలుగు ప్రశ్న గుర్తులే. చెప్పాల్సింది ఏదైనా సెల్‌లో రాయించండి.

ఫాంట్ల దగ్గర జాగ్రత్త. పాత ఫైళ్లలో అను ఫాంట్లతో కొట్టిన తెలుగు ఉంటుంది. అది లోపల తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లిష్ గుర్తులు. షీట్ మొత్తానికి ఒకే ఫాంట్ పెట్టే లైను మాక్రోలో ఉంటే వేషం ఊడిపోయి పిచ్చి గీతలు మిగులుతాయి. ఏమీ పోలేదు, ఆ కాలమ్‌కు పాత ఫాంట్ తిరిగి పెట్టండి, మాక్రోలో ఆ కాలమ్‌ను మినహాయించండి. యూనికోడ్ తెలుగైతే ఎత్తు సమస్య. వరుస ఎత్తు 15 అని కోడ్‌లో బిగిస్తే కింద వత్తులు తెగుతాయి, క్రిష్ణయ్య కాస్తా ఇంకెవరో అవుతాడు. ఎత్తు లైను తీసేసి, ఫాంట్ పెట్టిన తర్వాత ఆటోఫిట్ చేయించండి. ముందు ఆటోఫిట్, తర్వాత ఫాంట్ అయితే లాభం లేదు.

రంగు వేసినా కనబడకపోతే

కోడ్ రంగు వేసింది, సెల్ మాత్రం పాత రంగులోనే ఉంది. ఆ సెల్ మీద కండిషనల్ ఫార్మాటింగ్ ఉందన్నమాట. అది పైన కప్పిన దుప్పటి. కింద మీరేం రంగు వేసినా దాని రంగే కనబడుతుంది. హోమ్ ట్యాబ్‌లో మేనేజ్ రూల్స్ తెరవండి. ఒకసారి అలా తెరిస్తే ఒకే రూల్ రెండు వందలసార్లు ఉంది. మాక్రో నడిచిన ప్రతిసారీ కొత్తది చేరుస్తోంది, పాతది తీయడం లేదు. ఫైల్ నత్తలా తెరుచుకోవడానికి కారణం కూడా అదే. చేర్చే ముందు పాత రూల్స్ డిలీట్ చేసే లైను పెట్టాలి.

మూసే ముందు

మధ్యలో ఆగిపోయిన మాక్రో కొన్ని స్విచ్‌లు ఆపేసి వదిలేస్తుంది. స్క్రీన్ అప్‌డేటింగ్ తనంతట తానే తిరిగొస్తుంది. ఎనేబుల్ ఈవెంట్స్ రాదు. క్యాలిక్యులేషన్ మాన్యువల్‌లో ఉండిపోతే టోటల్ మారదు, నిన్నటి అంకె మీదే ఇవాళ పట్టీ పోతుంది. ఫార్ములాస్ ట్యాబ్‌లో క్యాలిక్యులేషన్ ఆప్షన్స్ తెరిచి ఆటోమేటిక్ ఉందో లేదో చూడండి. ఈవెంట్స్‌ను ఇమీడియట్ విండోలో ఒక్క లైనుతో ట్రూ చేయండి, లేదా ఎక్సెల్‌ను పూర్తిగా మూసి తెరవండి. కోడ్‌లో ఈ స్విచ్‌లు తిరిగి వేసే లైన్లు ఎర్రర్ వచ్చినా నడిచేలా చివర ఒక చోట ఉండాలి.

తర్వాత ఆ ఇరవై వరుసల కాపీ మీద రెండుసార్లు వరసగా బటన్ నొక్కండి. రెండోసారి ఏమీ మారకూడదు. గీతలు మందమైనా, ఇంకో వరుస పోయినా, తేదీ మళ్లీ తిరగబడినా పని మిగిలుందన్నమాట. ఏమీ మారకపోతే కాగితం మీద రాసుకున్న సమ్, కౌంట్‌తో పోల్చి చూసి, అప్పుడు అసలు ఫైల్ తెరవండి.

ఆ కొట్లో రాత్రి పన్నెండున్నరకు ప్రింటర్ ఆన్ చేశాం. కుర్రాడు మొదటి పట్టీ చేతిలోకి తీసుకుని, క్యాలిక్యులేటర్ మీద టిక్కీల (బస్తాల) బరువును రేటుతో గుణించి చూసుకున్నాకే రెండోది ప్రింట్ ఇచ్చాడు.